పేరు చెప్పమ్మా

మా అపార్టుమెంటు కింద ఇస్త్రీ బండి అతను సాయంత్రం పని ముగించాక పెట్టెలో మిగిలిన నిప్పుల్ని నేల మీద కుమ్మరించి నీళ్లు చల్లుతాడు. సుయ్యిమని ఆవిరి లేస్తుంది. తడిసిన బొగ్గు వాసన బేగంపేట రోడ్డు పొగలో కలిసి మా మూడో అంతస్తు దాకా వస్తుంది. మిగతావాళ్లకు అది చిరాకు, కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం చేతిలో పని వదిలి నిలబడిపోతాను. ఆ వాసనతో నాకు ఒక మనిషి గుర్తొస్తుంది. పేరు సువార్తమ్మ. మా బడిలో డ్రాయింగు టీచరు. చింతపుల్లల్ని పాత డబ్బాలో మూసి కాల్చి, రాజుకున్నవాటి మీద నీళ్లు చిలకరించి, ఆ బొగ్గుతో బొమ్మలు వేసేది. ఆమెను తలచుకుంటే ప్రేమ కలగాలి. కలుగుతుంది కూడా. కానీ దానికంటే ముందు నోట్లో చేదు ఊరుతుంది. ఇన్నేళ్లయినా ఆ వరస మారలేదు.

సువార్తమ్మ టీచర్‌ది బాపట్ల దగ్గర పల్లె. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది. కోస్తా నుంచి రాజధానికి ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లలో ఆమె కూడా ఒకతె. సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "అడిగినోళ్లు నచ్చలా, నచ్చినోళ్లు అడగలా" అని నవ్వేసేది. పొట్టి మనిషి. నేత చీర. గోళ్ల సందుల్లో ఎప్పుడూ నలుపు. ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు కూడా ఆ నలుపు వదిలేది కాదు. మాది తాతల నాటి నుంచి బోయిగూడే. గల్లీ మొదట్లో మా నాన్న బట్టలు కుట్టే దుకాణం ఉండేది. టీచర్ మా గల్లీలోనే అద్దెకుండేది కానీ, నేను అదే బడిలో పంతులమ్మగా చేరేదాకా మా మధ్య పలకరింపులే తప్ప మాటలు లేవు.

చేరిన కొత్తలో పిల్లలు నన్ను లెక్కచేసేవాళ్లు కాదు. ఒక రోజు క్లాసులో గోల భరించలేక స్టాఫ్ రూముకొచ్చి మూల కూర్చుని ఏడుస్తున్నాను. టీచర్ రెండు గ్లాసుల్లో టీ పట్టుకొచ్చింది.

"ఏంటమ్మాయ్, ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమనలేదు టీచర్. ఈ ఊళ్లో మనిషికి మనిషి అక్కర్లేదు, అంతే."

"అట్టాగా? అయితే ఇవాళ పొద్దున్నుంచి నీకు మంచి చేసినోళ్ల పేరు ఒక్కటి చెప్పు."

"ఎవరూ లేరు."

"తొందరేం లేదు. టీ తాగుతా ఆలోచించు."

నాకు కోపం వచ్చింది. కానీ టీ తాగుతూ ఉంటే గుర్తొచ్చింది. పొద్దున వాన పట్టుకున్నప్పుడు రోడ్డు మీద పాన్ డబ్బా అతను తన స్టూలు లోపలికి లాక్కుని, రేకు కింద నాకు నిలబడే చోటిచ్చాడు. ఆ మాటే చెప్పాను. "పేరు?" అంది. తెలియదన్నాను. "సాయంత్రం వెళ్లి అడుగు" అంది. సిగ్గుపడుతూనే వెళ్లి అడిగాను. అతను పాన్ చుట్టడం ఆపి నన్ను ఎగాదిగా చూసి, "ఏమైందమ్మా, కంప్లైంట్ గిట్ల ఇస్తున్నవా?" అన్నాడు. లేదు, ఊరికే అన్నాను. "గౌస్" అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఆ దారిన పోతుంటే గౌస్ భాయ్ చెయ్యెత్తి సలాం చేసేవాడు. అంతకు ముందు నేను రోజూ నడిచిన రోడ్డే అది. పేరు తెలిసిన ఒక్క మనిషితో ఆ రోడ్డు నాదైపోయింది. టీచర్ నాకు నేర్పిన మొదటి పాఠం అదే. ఆ పాఠం తప్పని నేను ఇప్పటికీ అనను. అదే నా బాధ.

గోడ సంగతి చెప్పాలి. మా గల్లీ మధ్యలో ఒక పాత గోదాము ఉండేది. దాని వెనకవైపు కిటికీ కూడా లేని పొడుగాటి గోడ. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక టీచర్ ఆ గోడకు ఒక పాత దుప్పటిని మేకులతో బిగించేది. దుప్పట్లు గల్లీలో వాళ్లే ఇచ్చేవాళ్లు. ఎండ వాలేసరికి ఆడవాళ్లు, పిల్లలు, పనిలేని మగవాళ్లు, పనున్నా మానుకున్న మగవాళ్లు చేరేవాళ్లు. ఎవరో ఒకరు ముందుకొచ్చి తనకు మంచి చేసిన మనిషి గురించి చెప్పాలి. దేవుళ్ల కథలొద్దు, రాజుల కథలొద్దు, సినిమా కథలు అసలే వద్దు. మన మధ్య తిరిగే మనిషి కథే కావాలి. వాళ్లు చెబుతుంటే టీచర్ బొగ్గుతో గీస్తూ ఉండేది. కథ ముగిసేసరికి బొమ్మ తయారయ్యేది. ఆ తర్వాత నేను గిన్నెలు పట్టుకుని నిలబడితే ఎర్రమన్ను, పసుపు, నీలిమందు అద్దేది. ఆ దుప్పటి మళ్లీ ఆదివారం దాకా గోడ మీదే ఉండేది. పనికి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఆగి చూసుకునేవాళ్లు.

పాత ఇనుము దుకాణం మల్లేశ్ అని ఒకతను ఉండేవాడు. తాగి అందరితో జగడం పెట్టుకునే మనిషి. అతన్ని చూస్తే ఆడవాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. ఒక ఆదివారం చాకలి లచ్చమ్మ లేచి, తన మనవడికి జ్వరం ముదిరి ఫిట్స్ వస్తే మల్లేశ్ ఆ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రి దాకా పరుగెత్తాడని చెప్పింది. టీచర్ గీసింది. ఆ బొమ్మలో మల్లేశ్ నోరు తెరుచుకుని, లుంగీ ఎగ్గట్టి, రోడ్డంతా తనదే అన్నట్టు పరుగెడుతున్నాడు. మర్నాడు పొద్దున మల్లేశ్ ఒక్కడే ఆ దుప్పటి ముందు నిలబడి ఉండటం నేను చూశాను. ఆ తర్వాత మంగలి దగ్గరికెళ్లి గడ్డం గీయించుకొచ్చాడు. తాగుడు మానలేదు. కానీ తాగినప్పుడు గల్లీలోకి రావడం మానేశాడు.

ఆ గోడ దగ్గర టీచర్‌కు ఒక నియమం ఉండేది. మంచి చేసినవాళ్ల పేరు చెప్పి తీరాలి. ఎవరైనా నసిగితే వదిలేది కాదు. "చెడ్డ పని చేసినోడి పేరు ఇంటిపేరుతో సహా చెప్పుకుంటాం. మంచి చేసినోడేమో 'ఎవరో పుణ్యాత్ముడు'! ఇదేం న్యాయం? పేరు చెప్పమ్మా" అనేది. అందరూ నవ్వేవాళ్లు. పేరు చెప్పగానే చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ పేరున్న మనిషి అక్కడే ఉంటే సిగ్గుతో తల దించుకునేది. నిజం చెప్పొద్దూ, ఆ గోడ ఉన్న రోజుల్లో మా గల్లీ కొంచెం మంచి గల్లీయే. నల్లా దగ్గర కొట్లాటలు తగ్గాయి. మా పేరు కూడా గోడ మీదికి వస్తుందేమోనన్న ఆశతోనైనా ఒకరికొకరు బిందెలు ఎత్తి పెట్టుకునేవాళ్లు.

గల్లీ చివర పెద్ద టింబర్ డిపో ఒకటి ఉండేది. ఆ ఇంటి చిన్నకోడలు సరళ. ఆమెకు పుట్టింటివాళ్లు లేరు. నల్లా దగ్గరికి వచ్చినప్పుడు కొంగు చెంపల దాకా కప్పుకునేది. కొంగు జారితే కనిపించే దెబ్బలు అందరం చూశాం. ఆ దెబ్బల కథ మాత్రం ఎవరూ ఏ ఆదివారమూ చెప్పలేదు. గోడ మంచికే కదా. ఒక రోజు సరళ కనిపించకుండా పోయింది. డిపో వాళ్లు ఊరంతా గాలించారు. చివరికి, ఎవడితోనో లేచిపోయిందని వాళ్లే చాటింపు వేసుకున్నారు. కొన్ని నెలలు గడిచాయి.

ఆ ఆదివారం కథ చెప్పడానికి లేచింది భారతక్క. మా పక్కింటామె. మంచిది, కానీ మాట కడుపులో ఆగదు. మౌలాలి గుట్ట మీద మొక్కు తీర్చుకుని దిగుతూ, దాహం వేసి ఒక ముసలామె గదికి నీళ్ల కోసం పోయిందట.

"ఆడ ఒక ఆడిపిల్ల ఉన్నది టీచర్. మొగుని దెబ్బలకు తాళలేక ఇల్లిడిసి వచ్చిందంట. గా ముసలామె ఆ పిల్లను కడుపుల పెట్టుకుని సూసుకుంటున్నది. తను తినకున్న పిల్లకు పెడుతున్నది. ఎవరన్న అడిగితే నా మనుమరాలే అని చెప్తున్నది. ఇప్పుడైతే ఆ పిల్ల విజయవాడల ఏదో హాస్టల్ల పనికి కుదిరి పోయిందంట, మొన్న ముసలామెనే చెప్పింది. గందుకే ఇయ్యాల చెప్తున్న."

టీచర్ బొగ్గు ఆగకుండా కదులుతోంది. గుట్ట, మెట్లు, రేకుల గది, గడప మీద కూర్చుని పిల్లకు తల దువ్వుతున్న ముసలామె. పిల్ల ముఖం అటు తిరిగి ఉంది.

"ఎవరమ్మా ఆ పెద్దావిడ?"

"పేరెందుకు తియ్ టీచర్. మంచిగుండదు."

"మంచి పని చేసింది గదా, మంచిగుండకపోవడమేంటి? పేరు చెప్పమ్మా."

"చెప్పక్కా, చెప్పు చెప్పు" అని వెనక నుంచి అరిచారు. భారతక్క నా వైపు చూసింది. "గీ అనసూయ వాళ్ల మేనత్తనే. మౌలాలి రాజవ్వ" అంది.

చప్పట్లు మోగాయి. నా ఒళ్లు పులకరించింది. రాజత్త మా నాన్నకు పెద్దక్క. రైల్వేలో కలాసీగా చేసిన మామ పోయాక గుట్ట కింద ఆ ఒంటి గదిలో ఉండేది. వచ్చినప్పుడల్లా మా అమ్మతో ఏదో ఒక గొడవ పెట్టుకుని పోయే అత్త ఇంత పని చేసిందని, మాకు కూడా చెప్పలేదని అప్పుడే తెలిసింది. రంగుల గిన్నె పట్టుకుని గర్వంగా టీచర్ పక్కకు వెళ్లి నిలబడ్డాను. పిల్ల పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

దుప్పటి గోడ మీద ఉంది. డిపో లారీలు పోయేది ఆ గోడ పక్కనుంచే.

రెండు మూడు రోజులకు మౌలాలి నుంచి ఎవరో పరుగున వచ్చి నాన్నకు కబురు చెప్పారు. మేము వెళ్లేసరికి అత్త మెట్ల కింద నేల మీద పడి ఉంది. చుట్టూ జనం. డిపో మగవాళ్లు పట్టపగలే వచ్చారట. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడిందట. ఒకడు తోసేశాడు. రాతి మెట్టు మీద పడి తుంటి ఎముక విరిగింది. లోపల నుంచి సరళను ఈడ్చుకొచ్చి ఆటోలో పడేసుకుని పోయారు. సరళ విజయవాడ పోలేదు. ఆ గదిలోనే ఉంది. భారతక్క నోరు ఆగదని తెలిసి, పిల్ల వెళ్లిపోయిందని అత్త ఆమెకు అబద్ధం చెప్పింది. ఆ అబద్ధమే భారతక్కకు నోరు విప్పే ధైర్యం ఇచ్చింది.

ఆ తర్వాత మా గల్లీ ఏమిటో నాకు తెలిసింది. మా నాన్న సాక్ష్యం కోసం ఇంటింటికీ తిరిగాడు. డిపో మగవాళ్లు ఆ రోజు ఆటో ఎక్కుతూ, ముసలిదాని సంగతి చూసొస్తామని నల్లా దగ్గర నలుగురికీ వినపడేలా అన్నారు. విన్నవాళ్లెవరూ వినలేదన్నారు. భారతక్క తలుపు ఓరగా తీసి, "నాకేం తెల్వదన్నా, నేను ఊకె కథ చెప్పిన" అని మళ్లీ వేసుకుంది. సాక్ష్యం చెప్పడానికి పోలీసు స్టేషన్‌కు వెళ్లిన ఒకే ఒక్క మనిషి సువార్తమ్మ టీచర్. తన బొమ్మ వల్లే ఇదంతా జరిగిందని, రాసుకోమని చెప్పిందట. అక్కడున్న రైటరు, "బొమ్మ గీసిందని ఎవరి మీద కేసు రాయాలె? వాళ్ల కోడల్ని వాళ్లు తీసుకపోయిండ్రు" అన్నాడట. ముసలామె కాలు జారి పడిందని రాసుకున్నారు.

టీచర్ తిరిగొచ్చేసరికి గల్లీలో మాట మారిపోయింది. ఆ కిరస్తానపామె మన ఇండ్లల్ల ఆడోళ్లను చెడగొడుతున్నదని, కాపురాలు కూలగొడుతున్నదని మొదలుపెట్టారు. 'చెప్పు చెప్పు' అని అరిచిన గొంతులే అవి. ఎవరు చింపారో గానీ దుప్పటి సగం చినిగి మోరీ బురదలో పడి ఉంది. బడి పెద్దలు ఆమెను పిలిచి, ఇకమీదట బడి బయట బొగ్గు పట్టుకోవద్దన్నారు.

అత్తను మా ఇంటికి తెచ్చాం. ఇక లేచి నడవదని డాక్టర్లు తేల్చేశారు. టీచర్ మొదటి రోజు గుమ్మం ముందుకొచ్చి నిలబడితే మా అమ్మ అడ్డం పడింది. "ఇంకేం గీద్దామని వచ్చినవమ్మా?" అంది. టీచర్ తల దించుకుని వెళ్లిపోయింది. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చివరికి లోపల నుంచి అత్తే అరిచింది, "రానియ్యే. నిలవడి నిలవడి గామె కాళ్లు సుత పోతయ్."

టీచర్ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. అత్త అంది:

"బొమ్మ మంచిగొచ్చిందంట గద. నేనైతే సూడలె. గని టీచరమ్మా, నన్ను గీసేటప్పుడు నన్నొక్క మాట అడగాలె గద."

టీచర్ లేచి, అత్త ఒంటి కింది బట్ట తడిసిందని చూసి, తీసి, పెరట్లో ఉతికి ఆరేసింది. ఆ రోజు మొదలు అత్త పోయేదాకా ఆ పని ఆమెదే అయింది. బడి వదలగానే వచ్చేది. ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది, జుట్టు చిక్కు తీసేది. మా అమ్మ ఆమెతో మాట్లాడేది కాదు, కానీ ఆమె వచ్చే వేళకు వేడినీళ్లు కాచి పెట్టేది.

అత్తకు ఒకటే ధ్యాస. "సరళ ఎట్లున్నదో పోయి సూసి రాపో" అని టీచర్‌ను తరిమేది. డిపో ఇంటి గుమ్మం ముందుకు ఆమె ఎట్లా వెళ్లేదో, ఎన్ని మాటలు పడేదో మాకు చెప్పేది కాదు. వచ్చి మాత్రం సరళ కబుర్లు చెప్పేది. పిల్ల ఒళ్లు చేసిందనీ, వాళ్ల అత్తగారు ఇప్పుడు కాస్త మెత్తబడిందనీ, పెరట్లో మల్లెతీగ వేసిందనీ, తనను చూసి నవ్విందనీ. చెబుతుంటే చేతులు గాలిలో కదిలేవి, గోడ ముందు నిలబడి గీస్తున్నట్టే. అత్త కళ్లు మూసుకుని వినేది. మధ్యలో "ఏ రంగు చీర కట్టింది?" అని అడిగేది. టీచర్ రంగు కూడా చెప్పేది.

నాకు అనుమానం వచ్చి ఒక సాయంత్రం వీధిలో ఆమెను ఆపాను.

"సరళను నిజంగా చూస్తున్నారా టీచర్?"

"మొదట్లో ఒక్కసారి కనపడింది, అనసూయా. నన్ను చూసి లోపలికెళ్లిపోయింది. మళ్లీ కనపళ్లా. వాళ్లు తలుపు తియ్యట్లేదు" అంది.

"మరి ఈ కథలన్నీ?"

"ఆవిడకి చెప్పొద్దమ్మా."

ఒళ్లు మండిపోయింది. పేరు లేని మంచితనాన్ని ఒప్పుకోని మనిషి, నిజం తప్ప గోడ మీద గీయని మనిషి, ఇప్పుడు ఎముక విరిగిన ముసలామెకు అబద్ధాలు అల్లి చెబుతోంది. ఇంటికెళ్లి అత్తతో అనేశాను. "అత్తా, టీచర్ చెప్పేటియన్ని..."

అత్త పూర్తి కానివ్వలేదు. "నాకెర్కనే బిడ్డా. గా ఇంట్ల మల్లెతీగ నాటే జాగేడున్నది, అంత కట్టెలే గద."

"మరి ఎందుకు వింటున్నవ్?"

"గామెకు రాత్రి నిద్ర పడతలేదు. కండ్లు సూడు ఎట్ల గుంటలు పడ్డయో. గా కథ చెప్పిన రోజన్న జెర పండుకుంటది. నాకేం పోయింది, ఇంటే? నువ్వు టీచరమ్మకు చెప్పకు."

అట్లా ఒకరికి తెలియకుండా ఒకరు నాతో ఒట్టు వేయించుకున్నారు. ఒకామె మంచం మీద ఉన్నామె కోసం కథ అల్లింది. మంచం మీద ఉన్నామె అల్లుతున్నామె కోసం నమ్మినట్టు నటించింది. ఆ గదిలో పక్క తడి వాసన, మందుల వాసన. సాయంత్రం వెలుగులో ఆ ఇద్దరినీ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండేదాన్ని. మా గల్లీ గోడ మీద అంత గొప్ప బొమ్మ ఒక్కటీ పడలేదు. కానీ దాన్ని చూసి మురిసిపోవడం నా వల్ల కాలేదు. ఆ మంచితనం పుట్టాలంటే ఒక ముసలామె తుంటి విరగాలా? ఒక పిల్ల మళ్లీ ఆ ఇంట్లో పడాలా? అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అత్త పోయింది. టీచర్ మా వాకిట్లో ఒక పక్కన నిలబడింది, శవం లేచేదాకా. కొన్నాళ్లకు డిపో వాళ్లు స్థలం అమ్ముకుని ఎటో పోయారు. సరళ వాళ్లతో పోయిందో, అసలు ఉందో లేదో ఎవరికీ తెలియలేదు. అడిగినవాళ్లూ లేరు.

ఆ తర్వాత టీచర్ బడిలో పిల్లలకు కుండ, పువ్వు, జెండా నేర్పింది. మనిషి బొమ్మ నేర్పలేదు. మేము కలిసి టీ తాగేవాళ్లం, పేపర్లు దిద్దుకునేవాళ్లం. ఆ సంగతి ఎత్తేవాళ్లం కాదు. ఆమె రిటైరయ్యే ముందు ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఆ రోజు పేరెందుకు అడిగారు టీచర్? భారతక్క వద్దంది కదా."

ఆమె ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టుంది. "నలుగురికీ తెలిస్తే నలుగురూ ఆవిడకి కాపుంటారనుకున్నానమ్మా" అంది. "అన్ని ఆదివారాలు అన్ని కథలు విన్నారు గదా. ఆ మాత్రం ఉంటారనుకున్నా."

ఆమె పొరపాటు అక్కడే ఉంది, ఆమె గొప్పతనమూ అక్కడే ఉంది. మంచి కథ విని కన్నీళ్లు పెట్టుకున్నవాడు మంచివాడైపోతాడని ఆమె నమ్మింది. కన్నీళ్లు తుడుచుకుని ఇంటికెళ్లి తలుపు వేసుకుంటాడని ఆమెకు తోచలేదు.

ఆమె పోయినప్పుడు చర్చి పక్క హాల్లో ఆదరణ కూడిక పెట్టారు. బోయిగూడ నుంచి చాలామంది వచ్చారు. పాస్టరు గారు, సువార్తమ్మగారి గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పమన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఆమె గోడ గురించి, బొమ్మల గురించి, ఆ రోజులే వేరన్నట్టు చెప్పారు. ఆమెను కిరస్తానపామె అని తిట్టిన ఒక పెద్దాయన, కులమతాలు లేని తల్లి అన్నాడు. భారతక్క కర్ర పట్టుకుని లేచింది. ఆమె చెప్పింది మా అత్త కథ. మౌలాలి రాజవ్వ ఒక పిల్లను కాపాడి విజయవాడ పంపిందనీ, ఆ పిల్ల హాస్టల్లో పనిచేసి, మళ్లీ పెళ్లి చేసుకుని, పిల్లాపాపలతో సల్లగున్నదనీ, ఆ కథను సువార్తమ్మ టీచర్ గోడకెక్కించి రాజవ్వ పేరు నిలబెట్టిందనీ. జనం కళ్లు తుడుచుకున్నారు. భారతక్క అబద్ధం ఆడుతున్నట్టు లేదు. ఇన్నేళ్లలో ఆమెకు అదే జ్ఞాపకమైపోయింది.

నేను లేచాను. "సరళ విజయవాడ పోలేదు. మా అత్త గదిలోంచి ఆమెను ఈడ్చుకుపోయారు. మా అత్త తుంటి విరిగి, లేవకుండానే పోయింది. సాక్ష్యానికి మన గల్లీ నుంచి వెళ్లింది సువార్తమ్మ టీచర్ ఒక్కతే. ఆమె గురించి చెప్పాలనుకుంటే అది చెప్పండి" అన్నాను. ఎవరో దగ్గారు. పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు. అందరూ గబగబా అందుకున్నారు.

బయట టీ ఇస్తున్నచోట భారతక్క నా చెయ్యి పట్టుకుంది. "గిప్పుడు గది చెప్పుడు అవసరమా బిడ్డా? అందరు మంచిగ ఇంటుండిరి. ఖరాబ్ చేసినవ్."

"జరిగింది చెప్పిన అక్కా."

"జరిగింది ఎవలకు గావాలె?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు అంది. చేతిలో ఉన్న బిస్కెట్ విరిచి సగం నాకిచ్చింది. తీసుకున్నాను.

ఆ రెండు ఒట్ల సంగతి మాత్రం హాల్లో చెప్పలేదు. వాళ్లకు చెబితే దాన్ని కూడా చప్పట్లు కొట్టే కథ చేసుకుంటారని భయం వేసింది. ఇద్దరూ లేరు కనుక, మీరెవరూ వాళ్లను చూడలేదు కనుక, ఇప్పుడు రాస్తున్నాను.

నేనూ రిటైరయ్యాను. బస్సులో, బజారులో, ఆసుపత్రి వరండాలో ఎవరైనా ఎవరికైనా మంచి చేస్తూ కనిపిస్తే నా చూపు అక్కడ ఆగిపోతుంది. నలుగురూ దాటిపోయేది నాకు కనిపిస్తుంది. ఆ చూపు సువార్తమ్మ టీచర్ ఇచ్చింది. మరుక్షణం అదే చూపు చుట్టూ తిరుగుతుంది, ఇంకెవరు చూస్తున్నారా అని. అదీ ఆమె ఇచ్చిందే, ఇవ్వాలనుకోకపోయినా. మొన్న సికింద్రాబాద్ స్టేషన్‌లో మూట పట్టుకుని ఒంటరిగా ఏడుస్తున్న ఒక పిల్లను, ప్లాట్‌ఫారం ఊడ్చే ఆమె ఒకతె తన పక్కన కూర్చోబెట్టుకుని, "నా బిడ్డనే" అని ఎవరికో చెబుతోంది. కాదని నాకు తెలిసిపోయింది. ఆమె నా వైపు చూసింది. వాళ్లు జనానికి కనపడకుండా, ఆ పిల్ల ఎక్కే బండి వచ్చేదాకా నేను అడ్డంగా అక్కడే నిలబడ్డాను.